క్రిస్మస్ చీర్ డబ్బాలో క్రిస్మస్ వాసన లేదు

క్రిస్మస్ చీర్ అనే పైపు పొగాకు డబ్బా మూత తీసినవాళ్లు ఆ వాసనను అంత తేలిగ్గా మరిచిపోరు. పేరు చూడగానే దాల్చినచెక్క, లవంగం, నారింజ తొక్క, చిటికెడు రమ్ము తలపుకొస్తాయి. పండగ పేరుతో వచ్చే పైపు పొగాకులు చాలావరకు అలాగే ఉంటాయి కూడా. ఈ డబ్బాలోంచి ముందుగా ముక్కుకు తగిలేది మాత్రం వెనిగర్ పులుపు. టమాటా కెచప్ సీసా తెరిచినట్టే ఉంటుంది. ఆ పులుపు వెనకాల ఎండు అంజూరం, ఎండుద్రాక్ష తీపి మెల్లగా బయటికొస్తుంది. మసాలా లేదు, రమ్ము లేదు. అమెరికాలోని కాన్సాస్ సిటీకి చెందిన మెక్‌క్లెల్లండ్ కంపెనీ ఏటా లేబుల్ మీద ఆ సంవత్సరం అంకె వేసి తెచ్చిన ఆ పొగాకులో ఉన్నది వర్జీనియా ఆకు ఒక్కటే. దాన్ని నొక్కి, మగ్గబెట్టి, పలుచని పలకలుగా కోసేవారు. 2018లో కంపెనీ మూతపడింది. ఇప్పుడు దొరికేవి ఎవరో దాచుకున్న పాత డబ్బాలే.

ఆ పులుపు వాసనకు, ఆకు పాడైపోయిందనుకుని డబ్బా పక్కన పెట్టేసినవాళ్లున్నారు. ఆకుకు ఏమీ కాలేదు. పలకల్ని విడదీసి తెల్లకాగితం మీద గంటసేపు పరిస్తే పులుపు చాలావరకు ఎగిరిపోతుంది, పొగలోకి రాదు. అసలు పొరపాటు జరిగేది తాగేటప్పుడు. మసాలా రుచి కోసం ఎదురుచూసేవాళ్లు అది తగలకపోయేసరికి దమ్ము గట్టిగా, గబగబా లాగుతారు. ఆకు ఆరబెట్టే కొట్టంలో, అంటే బ్యారన్‌లో, గొట్టాల వేడితో కొద్ది రోజుల్లోనే ఆరిన వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువగా నిలిచిపోతుంది. తొందరపెడితే అది వేడిగా కాలుతుంది, తడి ఆవిరి నేరుగా నాలుక కొస మీద పడుతుంది. ఆ మంట తగ్గడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు, ఈలోగా ఏ పొగాకు రుచీ సరిగ్గా తెలియదు. అదే ఆకును నిమిషానికి రెండు దమ్ముల చొప్పున, నిప్పు ఆరిపోతుందేమో అన్నంత నిదానంగా తాగితే పైపు గిన్నెలో నింపిన ఆకు సగానికి వచ్చేసరికి ఎండుపళ్ల తీపి నోట్లో కుదురుకుంటుంది. నా లెక్కలో వర్జీనియా ఆకు గొప్పతనం చూపించిన డబ్బాల్లో అది ముందు వరుసలో ఉంటుంది.

పైపు పొగాకు పేర్లతో వచ్చే చిక్కంతా ఇదే. పేరు నమ్మితే చేతిపని తప్పుతుంది. ఎంతసేపు ఆరబెట్టాలి, ఎంత వదులుగా నింపాలి, ఏ పైపు తీయాలి, పరగడుపున తాగవచ్చా కూడదా అన్నవన్నీ ఆకు చెప్పాల్సిన మాటలు. వాటిని లేబుల్‌తో చెప్పించుకుంటాం.

డన్‌హిల్ డబ్బాల కాలం గుర్తున్నవాళ్లకు ఎర్లీ మార్నింగ్ పైప్, నైట్‌క్యాప్ గుర్తుండే ఉంటాయి. 1907లో లండన్‌లోని డ్యూక్ స్ట్రీట్‌లో ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ తెరిచిన దుకాణంతో మొదలైన పేరది. తయారీ తర్వాత బెల్‌ఫాస్ట్‌కు, అక్కణ్నుంచి డెన్మార్క్‌కు మారింది. 2018 ప్రాంతంలో డన్‌హిల్ పేరే పైపు పొగాకు డబ్బాల మీంచి పోయింది. ఆ మిశ్రమాలు పీటర్‌సన్ పేరుతో మళ్లీ వచ్చాయి. ఎర్లీ మార్నింగ్ పైప్ అన్న పేరుకు లేత బంగారు రంగు ఆకు, గడ్డి వాసన ఊహించుకుని మూత తీస్తే చలిమంట పొగ వాసన ఎదురొస్తుంది. కారణం లటాకియా. నల్లని పోగుల్ని చూసి, ఇంత ఘాటు పొద్దున్నే ఎలా అని భయపడి పక్కన పెట్టేస్తారు. ఇక్కడ పేరు నిజమే చెప్పింది, తప్పుదోవ పట్టించింది రంగు.

లటాకియా గురించి కాస్త నిలబడి చెప్పుకోవాలి. ఆ పేరు సిరియా రేవు పట్టణానిది. ఇప్పుడు డబ్బాల్లోకి వచ్చే లటాకియా దాదాపు అంతా సైప్రస్‌ది. ఎండలో ఆరిన చిన్నాకు ఓరియంటల్ పొగాకును కొట్టంలో వేలాడదీసి, కింద కట్టెలూ సువాసన పొదలూ రాజేసి వారాల తరబడి పొగబెడతారు. ఆకు బొగ్గులా నల్లబడేది ఆ పొగకే. అయితే ఓరియంటల్ ఆకులో నికోటిన్ మొదట్నుంచీ తక్కువ, పొగబెట్టినంత మాత్రాన పెరగదు. కాబట్టి గదంతా కమ్ముకునే వాసన ఉన్నా ఒంటికి అది తేలికే. సిరియా రకం కాస్త పుల్లగా, వైనును గుర్తుచేసేలా ఉండేది. సైప్రస్ రకంలో తోలు వాసన, తీపి ఎక్కువ. పాత డబ్బాలు తాగినవాళ్లు "ఆ రుచి ఇప్పుడు రావట్లేదు" అంటే అది వట్టి బెంగ కాదు, ఆకు నిజంగానే మారింది. నైట్‌క్యాప్‌లో ఉన్న అదనపు బరువుకు కూడా లటాకియా మీద నింద వేస్తుంటారు. అందులో పెరిక్ అనే పులియబెట్టిన ఘాటు ఆకు ఉంది, ఆ బరువులో చెప్పుకోదగ్గ పాలు దానిది.

నల్లగా కనబడే పొగాకు మూడు వేరువేరు వస్తువుల్లో ఏదైనా కావచ్చు. మూడింటినీ వేళ్లతోనే గుర్తుపట్టొచ్చు. నలిపితే పొడిగా విరిగి పొగ వాసన వచ్చేది లటాకియా. మెత్తగా, కాస్త జిగటగా ఉండి వెనీలానో చక్కెర పాకమో తలపించేది బ్లాక్ క్యావెండిష్. వర్జీనియా ఆకునో బర్లీ ఆకునో ఆవిరిలో ఉడికించి, తీపి పట్టించి చేసినది. క్యావెండిష్ అంటే ఆకు రకం కాదు, చేసే పద్ధతి. చూపుకు ఎంత చీకటిగా ఉన్నా నోట్లో చాలా సాధువు. మూడోది వేలికి నూనె తగిలేలా, తాడులా పేనిన నల్ల పొగాకు. మొదటి రెండూ తాగిన ధీమాతో ఈ మూడోదాన్ని గిన్నె నిండా నింపితే గిన్నె సగం కాకముందే ఎక్కిళ్లు మొదలవుతాయి.

ఆ తాళ్లలో పేరున్నవి బ్రౌన్ ఐరిష్, బ్లాక్ ఐరిష్. తయారయ్యేది ఇంగ్లండ్‌లోని కెండల్‌లో, గావిత్ హోగార్త్ వారి దగ్గర. పేరులో ఐరిష్ చూసి తేనె, విస్కీ పరిమళాలు ఊహించుకోకండి. అలాంటి పూత అందులో లేదు, అది ముదురు ఆకు. పదునైన కత్తితో ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం బిళ్లలుగా కోయాలి. మందంగా కోస్తే నిప్పు పట్టదు, పదేపదే వెలిగించాల్సి వస్తుంది. బిళ్లల్ని అరచేతిలో నలిపి విడదీసి రెండు మూడు గంటలు ఆరబెట్టి, ఉన్న పైపుల్లో అతి చిన్న గిన్నెలో, కడుపు నిండిన తర్వాతే వెలిగించాలి.

ఘాటు విషయంలో అంతకంటే ఎక్కువ మోసపుచ్చేది రాయల్ యాట్. రాజుగారి పడవ, మెత్తటి కుర్చీ, సముద్రగాలి అన్నట్టు వినిపించే ఆ పేరు కింద ఉన్నది వర్జీనియా. లటాకియా లేదు. పైన ఆలుబుఖారా లాంటి తేలికపాటి పరిమళం. చదివితే పెద్దవాళ్లు మధ్యాహ్నం తాపీగా తాగే పొగాకనిపిస్తుంది. కానీ నికోటిన్ బరువు బాగా ఉంటుంది. వర్జీనియా పొగ సాధారణంగా ఆమ్లగుణంతో ఉంటుంది కాబట్టి నోటిగుండా నికోటిన్ అంతగా ఎక్కదని తెలిసినవాళ్లు కూడా దీని దగ్గర ఆశ్చర్యపోతారు. ఎక్కువైందని శరీరం ముందే చెబుతుంది. నోట్లో నీళ్లూరతాయి, నుదుటన చల్లని చెమట పడుతుంది, ఎక్కిళ్లు వస్తాయి, కడుపులో తిప్పుతుంది. వెంటనే పైపు కింద పెట్టేయాలి. గాలి తగిలేచోట కూర్చుని, నీళ్లు తాగి, ఏదైనా తీపి నోట్లో వేసుకోవాలి. గిన్నెలో మిగిలింది దండగవుతుందని పూర్తిచేయడానికి చూడకూడదు. పైపు పొగను ఊపిరితిత్తుల్లోకి లాగకుండా నోట్లో తిప్పి వదిలేస్తారన్నది నిజమే గానీ, నోటికి గొంతుకు దానివల్ల హాని తప్పదు. ఆ మాట దాచి పొగాకు గురించి రాయడం నాకిష్టం లేదు.

ఇక 1792 ఫ్లేక్. పేరులో అంకె తప్ప ఇంకేమీ లేదు. కెండల్‌లోనే శామ్యూల్ గావిత్ వారి సంస్థ మొదలైన సంవత్సరమది. అంకె చూసి పూతలేవీ లేని పాతకాలపు ఆకు దొరుకుతుందనుకుంటారు. డబ్బా తెరిస్తే ముదురు గోధుమరంగు మందపాటి పలకలు, వాటి మీద టాంకా గింజ వాసన. వెనీలాకు, బాదం గింజకు, ఎండుగడ్డికి మధ్యలో ఎక్కడో ఉంటుంది ఆ పరిమళం. నచ్చినవాళ్లు దానికోసం ప్రాణం పెడతారు. ఈ రకం డబ్బాల నుంచి వచ్చే సమస్యలు రెండు. పలకలు బాగా తడిగా వస్తాయి. డబ్బాలోంచి తీసిన వెంటనే నింపితే గిన్నె అడుగున నీరు చేరి గురగురమంటుంది, పొగ చేదెక్కుతుంది. పలకను పోగులుగా నలిపి పూర్తిగా రెండు గంటలు ఆరనివ్వాలి, గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ. రెండోది, ఆ వాసన పైపు చెక్కను పట్టుకుని వదలదు. తర్వాత అదే పైపులో ఏ ఆకు నింపినా అయిదారు గిన్నెలదాకా టాంకా పలకరిస్తూనే ఉంటుంది. ఇలాంటి పొగాకులకు పైపు ఒకటి విడిగా కేటాయించడమే మంచిది.

కేటాయించకుండా తాగేసి, వాసన వదిలించుకోవాలంటే దారి ఉంది. గొట్టాన్ని గిన్నె నుంచి విడదీసి పక్కన పెట్టాలి. గిన్నెలో అంచుకు కొంచెం కిందివరకు కల్లుప్పు పోసి, పొగదారి రంధ్రంలో పైపు క్లీనర్ దూర్చి, ఉప్పు తడిసేంతవరకే గాఢమైన ఆల్కహాల్ చుక్కలుగా పోయాలి. రాత్రంతా నిలబెట్టి ఉంచితే ఉప్పు గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని దులిపేసి, శుభ్రంగా తుడిచి, కనీసం రెండు రోజులు ఆరనివ్వాలి. ఆల్కహాల్ బయటికి పొంగితే చెక్క మెరుగు పోతుంది. ఒక్క రేణువు ఉప్పు లోపల మిగిలినా తర్వాతి గిన్నె పాడవుతుంది.

పళ్ల పేర్లూ మిఠాయి పేర్లూ ఉన్న పొగాకులది ఇంకో దారి. చెర్రీ అని రాసి ఉంటే ఆ చెర్రీ పక్కన కూర్చున్నవాళ్లకు. తాగేవాళ్ల నోటికి అందేది చాలా తక్కువ. పూత మొదటి పది నిమిషాల వేడికే ఎగిరిపోతుంది, కింది సగంలో మిగిలేది ఉట్టి ఆకే. పైగా ఇలాంటి మిశ్రమాలు ఎండకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతుంటారు. గంటలకొద్దీ పరిచినా తడి తడిగానే అనిపిస్తాయి. ఎండలేదని ఇంకా ఆరబెడితే పరిమళం పోతుందే తప్ప తేమ అంతగా పోదు. అరగంట ఆరనిచ్చి, మామూలుకన్నా వదులుగా నింపి, మధ్యలో ఒకసారి పైపు క్లీనర్ గొట్టంలోంచి గిన్నె అడుగుదాకా పంపి తడి పీల్చనివ్వడం ఒక్కటే పని చేస్తుంది.

ఊళ్ల పేర్లతో పెద్దగా ఇబ్బంది రాదు. పెన్‌జాన్స్ ఇంగ్లండ్ చివర ఉన్న ఊరు, ఆ పేరుతో జెర్సీ దీవిలో తయారయ్యేది లటాకియా దట్టంగా ఉన్న పలక. బెంగాల్ స్లైసెస్ కూడా లటాకియా, ఓరియంటల్, వర్జీనియా కలిపి నొక్కినదే. బెంగాల్ ఆకు కాదు. ఊరి పేరు దేన్నీ వాగ్దానం చేయదు కాబట్టి దాన్ని నమ్మి ఎవరూ తప్పుగా తాగరు.

మనసుకు కష్టం కలిగించేది త్రీ నన్స్ లాంటిది. క్రిస్మస్ చీర్ పేరు మొదట్నుంచీ రుచికి సంబంధం లేనిదే, అయినా లోపలి ఆకు ఏటా అదే నాణ్యతతో వచ్చింది. త్రీ నన్స్‌లో పేరు నిలిచి ఆకు మారింది. గ్లాస్గోకు చెందిన జె. అండ్ ఎఫ్. బెల్ సంస్థ కాలం నుంచి అది వర్జీనియా, పెరిక్ కలిపి పేని బిళ్లలుగా కోసిన పొగాకు. పేరు పొందింది ఆ జోడీతోనే. ఇటీవలి డెన్మార్క్ తయారీలో పెరిక్ లేదు, దాని చోటులోకి కట్టెపొగ మీద ఆరబెట్టిన కెంటకీ ఆకు వచ్చింది. బిళ్ల ఆకారం అదే, లేబుల్ మీద మాట అదే. పాత డబ్బా ఎరిగినవాళ్లు కొత్తది తెరిచినప్పుడు తమ నాలుకే మొద్దుబారిందేమో అనుకుంటారు. నాలుకలో లోపం లేదు.

రెండు ఆకుల తేడా గట్టిది. లూసియానాలో సెయింట్ జేమ్స్ పారిష్‌లో చేసే పెరిక్‌ను విస్కీ పీపాల్లో కుక్కి, దాని రసంలోనే అది నానేలా మరజాకీలతో బిగించి, దాదాపు ఏడాది పులియబెడతారు. మధ్యలో కొన్నిసార్లు బయటికి తీసి గాలి తగలనిచ్చి మళ్లీ నొక్కుతారు. అందుకే దాంట్లో మిరియం ఘాటు, ఆలుబుఖారా పులుపు ఒకేచోట ఉంటాయి. కెంటకీలో పండు పులుపు ఉండదు. కట్టెపొగ, మట్టి, మాంసం కాల్చిన వాసన, దాంతోపాటు నికోటిన్ బరువు. పరీక్షించడం తేలిక. నోట్లోని పొగలో కొంచెం ముక్కుగుండా మెల్లగా వదలండి. ముక్కులోపల మిరియపు చురుకు తగిలితే పెరిక్ ఉంది. చురుకు లేకుండా చలిమంట వాసన గొంతు వెనక బరువుగా నిలిస్తే కెంటకీ. కొత్త త్రీ నన్స్ చెడ్డ పొగాకని నేననను. దాన్ని కెంటకీ మిశ్రమంగా తీసుకుని, బిళ్లల్ని నలిపి, గంటైనా ఆరబెట్టి, చిన్న గిన్నెలో తాగితే చక్కగా కాలుతుంది. పాత పద్ధతిలో నాలుగైదు బిళ్లలు మడిచి పెద్ద గిన్నెలో కూరి, పెరిక్ కోసం వెతుకుతూ లాగితేనే నోరు బరువెక్కి, అసంతృప్తితో పైపు దించాల్సి వస్తుంది.

కాబట్టి తెలియని డబ్బా ఏది తెరిచినా, దాని పేరు ఎంత ఊరించినా, ముందు మొక్కజొన్న కండె పైపులో తాగి చూడటం మంచిది. కండె చవక, వెనకటి పొగాకు వాసన దానికి అంతగా అంటదు, తడి పీల్చుకుంటుంది. రెండు గ్రాముల ఆకు చాలు. చిటికెడు తీసి బొటనవేలితో నొక్కితే ముద్దకట్టకుండా నెమ్మదిగా విచ్చుకోవాలి. ముద్దగా నిలిచిపోతే ఇంకా ఆరాలి, పొడిపొడిగా విరిగితే ఎక్కువ ఆరింది. అడుగున వదులుగా జారవిడిచి, మధ్యలో కాస్త, పైన ఇంకాస్త నొక్కి నింపాలి. వెలిగించకముందే ఉత్తి దమ్ము లాగి చూడండి. గాలి ఏమాత్రం ఇబ్బంది లేకుండా రావాలి. ఇరుకుగా వస్తే మొత్తం దులిపి మళ్లీ నింపడమే నయం, పైనుంచి పుల్లతో కెలికితే బాగుపడదు. అగ్గిపుల్ల తల మండి గంధకం వాసన పోయాకే గిన్నె దగ్గరికి తేవాలి. మొదటి వెలుగుకు పైఆకు ఉబ్బి లేస్తుంది. దాన్ని ఆకు నొక్కే ట్యాంపర్ బరువుతోనే అణచి, రెండోసారి వెలిగించాలి.

రుచి మీద తీర్పు మొదటి గిన్నెకే ఇవ్వకండి, పై సగాన్ని బట్టి అసలే ఇవ్వకండి. పూత, డబ్బాలో మూసుకుపోయిన గాలి, మన ఊహ అన్నీ పై సగంలోనే ఉంటాయి. వేర్వేరు రోజుల్లో కనీసం మూడు గిన్నెలు తాగితే గానీ ఆకు సంగతి తేలదు. మొదటిది డబ్బా తెరిచిన రోజే, రెండోది వారానికి, మూడోది నెలకు. లటాకియా మిశ్రమాలు ఈ నెలలో పెద్దగా మారవు. బిగుతుగా నొక్కిన వర్జీనియా మాత్రం గాలి తగిలాక వేరే పొగాకనిపించేంత మారవచ్చు. మూడో గిన్నె కింది సగంలో ఏం దొరికిందో చీటీ మీద రాసి డబ్బాకు అంటించుకుంటే తర్వాతిసారి లేబుల్ చదవాల్సిన పని ఉండదు.

పాత డబ్బాల కోసం వెతికేవాళ్లు ఆ కాలపు బొమ్మల లేబుళ్లకన్నా ముందు అంచుల్ని చూడాలి. మూత కుట్టు దగ్గర తుప్పు పొడిలా రాలుతుంటే లోపల గాలి చేరే ఉంటుంది. చేతిలో ఊపితే ఎండాకులా గలగలమంటే ఆకు బిగిసిపోయింది. అలాంటిదాన్ని వెడల్పాటి గిన్నెలో పరిచి, తడి గుడ్డను ఆకుకు తగలకుండా పైన కప్పి, కొన్ని గంటలకోసారి కలుపుతూ మెల్లగా తేమ ఎక్కించాలి. నీళ్లు చిలకరిస్తే బూజు వస్తుంది. పలకల మీద తెల్లగా కనబడినదల్లా బూజు కాదు. వెలుతురులో చిన్న రవ్వల్లా మెరిస్తే అవి పాత వర్జీనియా మీద పేరుకునే స్ఫటికాలు. దూదిలా లేచి, మగ్గిన గోనెసంచి వాసన వస్తే మాత్రం డబ్బా ఎంత అపురూపమైనదైనా పారేయాల్సిందే. బాగున్నదాన్ని తెరిచిన రోజే చిన్న గాజు జాడీల్లోకి, జాడీకి ఒక వారం సరిపడా, అంచులదాకా నింపి మూత బిగించి చీకట్లో పెట్టాలి. పెద్ద జాడీలో సగం నింపి రోజూ తీస్తూ మూస్తూ ఉంటే ఇన్నేళ్లు దాచిన వాసన నెల తిరక్కుండానే పలచబడిపోతుంది.